పాత రివాల్వర్: వేరే తూటాకు మార్చడమా, అప్పగించి కొత్తది కొనడమా?

తాతగారి కాలంనాటి రివాల్వర్ వారసత్వంగా వచ్చిన కుటుంబాల వారు, చంద్రగిరి నుంచి పలమనేరు దాకా, నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది: పాత తూటాలు దొరకడం లేదు కాబట్టి సిలిండర్‌ను (తూటాలు పెట్టే గదులున్న, తిరిగే భాగాన్ని) కొంచెం తొలిపించి, దొరికే తూటాకు సరిచేయించుకోవచ్చా? ఆర్మరర్‌గా (ఆయుధాలు సరిచేసే పనివాడిగా) పనిచేసి తిరుపతిలో స్థిరపడినవాడిని కనుక, నాకు తెలిసినది చెబుతాను.

తూటా సిలిండర్‌లో అమరడం వేరు, అది పేలినప్పుడు పుట్టే పీడనాన్ని ఆ ఉక్కు తట్టుకోవడం వేరు. నా దృష్టిలో అన్నిటినీ తేల్చేది ఇదే. పాత బ్రిటిష్ రివాల్వర్ల .455 వెబ్లీ తూటా పీడనం చదరపు అంగుళానికి సుమారు 13,000 పౌండ్లు; .45 ఏసీపీ అనే పిస్టల్ తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనం 21,000. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాకు చేరిన వెబ్లీ మార్క్ 6 రివాల్వర్లను, సిలిండర్ వెనుక అంచు అరగదీసి, ఈ రెండో తూటాకు మార్చి పెద్దఎత్తున అమ్మారు; అంటే తమ లెక్కకు మించిన పీడనం వాటి మీద పడ్డట్టే. ఆరు గదుల సిలిండర్‌ను వెలుతురులో పట్టుకుని చూడండి: అది తిరిగి సరిగ్గా ఆగడానికి పైన కోసిన గాట్లు చాలా రివాల్వర్లలో గదుల మీదికే వస్తాయి, ఉక్కు అన్నిచోట్లకంటే పలుచగా ఉండేది అక్కడే. ఇరవై తూటాలు కాల్చినా ఏమీ కాలేదని ధైర్యపడేవారున్నారు. కంటికి కనబడని పగులు ప్రతి పేలుడుకూ కొంత పెరుగుతుంది గనుక, ఆ ఇరవై తూటాలు దేనికీ హామీ కావు.

పీడనం ఒక్కటే కాదు, కొలతలూ దెబ్బతీస్తాయి. .38/200 అనే పాత బ్రిటిష్ తూటా కోసం చేసిన రివాల్వర్‌ను, అంతకంటే పొడవూ సన్నమూ అయిన .38 స్పెషల్ తూటాకు తొలిస్తే గది ముందువైపు పొడవు పెరుగుతుందే గాని, వెనుకవైపు పాత వెడల్పు అలాగే ఉండిపోతుంది. అలాంటి దానిలో కాల్చిన ఖాళీ తూటా కేసు (ఇత్తడి తొడుగు) ఒకటి నా చేతికి వచ్చింది. అడుగున పొట్ట ఉబ్బి, పక్కన వెంట్రుకవాసి చీలిక పడి ఉంది. ఆ చీలిక గుండా వేడి వాయువు వెనక్కి, కాల్చినవారి ముఖం వైపుకు తన్నుకొస్తుంది.

గదిలోకి గొట్టం తొడిగి చిన్న తూటా వాడే పద్ధతిని పరిశీలించనవసరం కూడా లేదు. బ్యారెల్‌కూ గుండుకూ పొంతన కుదరదు.

చట్టం సంగతి. లైసెన్సు లేనిచోట ఆయుధాన్ని మార్చడం ఆయుధ చట్టం 5వ సెక్షన్‌కు విరుద్ధం. 2019 సవరణ తరువాత దీనికి కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. పైగా .38, .455 మన దేశంలో నిషేధిత బోరు, అంటే సామాన్యులకు మామూలుగా అనుమతించని తూటా కొలతలు.

ఇక రెండో దారి. పాతదాన్ని పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సున్న డీలరు వద్ద గాని జమచేసి, .32 రివాల్వర్‌కు దరఖాస్తు చేసుకోవడం. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వర్ ఆ తూటా కోసమే ఫ్యాక్టరీలో తయారైనది. సిలిండర్ గదులూ బ్యారెల్ కొలతా దానికి తగినవే. ఖర్చు ఎక్కువే, కలెక్టరేట్ చుట్టూ తిరగడమూ తప్పదు. అయినా మా ఇంట్లో వాళ్ల చేతికి ఇవ్వాల్సివస్తే నేను దీన్నే ఇస్తాను. తాతగారి గుర్తుగా పాతదాన్ని ఉంచుకోవాలనే కోరిక నాకు అర్థమవుతుంది. అధికారుల అనుమతితో, సిలిండర్‌కు ఆకురాయి తగలనివ్వకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఉంచుకోండి.