ఖమ్మం - వైరా, నాలుగేళ్లు, 41,300 కిలోమీటర్లు: నా ఎలక్ట్రిక్ స్కూటర్ ఎలా ఉంది?

2021 నవంబరులో కొన్నాను. ఇల్లు ఖమ్మంలో, నేను పాఠాలు చెప్పే బడి వైరా దగ్గర. రానూపోనూ 46 కిలోమీటర్లు. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదు, పైగా ఇక్కడ చెప్పేవి చాలా వరకు ఏ బండికైనా పనికొస్తాయి.

అందరూ అడిగేది మైలేజీ కాబట్టి ముందు అదే చెబుతాను. బ్యాటరీ 3 కిలోవాట్ అవర్, అంటే మూడు యూనిట్ల కరెంటు పట్టేది. షోరూంలో 120 కిలోమీటర్లు వస్తుందన్నారు. నేనొక్కదాన్నే, 45 స్పీడు దాటకుండా నడిపితే కొత్తలోనే 82 వచ్చింది. ఇప్పుడు 70 వస్తోంది. నాలుగేళ్లకు 15 శాతం లోపే తగ్గింది. నాకైతే ఇది తృప్తిగానే ఉంది. కానీ 120 అన్న మాట నమ్మి రోజుకు వంద తిరగాల్సినవాళ్లు కొని ఉంటే ఏడ్చేవాళ్లే. షోరూంలో చెప్పిన అంకెలో మూడింట రెండు వంతులే వస్తుందనుకుని, అది మీ అవసరానికి సరిపోతేనే కొనండి.

ఖర్చు లెక్క చూద్దాం. వంద కిలోమీటర్లకు నాలుగు యూనిట్ల కరెంటు పడుతోంది. పై శ్లాబులో యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా 36 రూపాయలు. నా పాత పెట్రోల్ స్కూటర్ లీటరుకు 45 ఇచ్చేది. ఈ 41,300 కిలోమీటర్లూ దాని మీద తిరిగి ఉంటే, లీటరు 108 చొప్పున 99 వేలు అయ్యేది. కరెంటుకు అయింది 15 వేల లోపే. అయితే నేను కొన్నప్పుడు కేంద్ర ప్రభుత్వ ఫేమ్-2 సబ్సిడీ కిలోవాట్ అవర్‌కు 15,000 ఉండేది, 45 వేలు నేరుగా తగ్గాయి. ఆ తర్వాత కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద, 2025 ఏప్రిల్ నుంచి, కిలోవాట్ అవర్‌కు 2,500, బండికి గరిష్ఠంగా 5,000కు తగ్గించారు. తెలంగాణలో 2026 డిసెంబరు దాకా రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేకపోవడం కొంత ఊరట. రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవాళ్లకు నాకు మిగిలినంత మిగలదు.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ వార్తలు వచ్చాక మా అత్తయ్య నెల రోజులు సరిగ్గా నిద్రపోలేదు. అర్ధరాత్రి లేచి వరండాలోకి వెళ్లి బండి మీద చెయ్యి వేసి చూసేవారు. నాకూ టెన్షన్‌గానే ఉండేది. అప్పటి నుంచి రాత్రంతా ఛార్జింగ్ పెట్టడం మానేశాను. ఆ తర్వాత ప్రభుత్వం బ్యాటరీ భద్రతా నిబంధనలు గట్టి చేసింది, మొదటి దశ 2022 డిసెంబరులో, రెండోది 2023 మార్చి ఆఖరున అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు తయారైన బండి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందంటే తొందరపడకండి.

ఖమ్మం ఎండ సంగతి మీకు తెలిసిందే. మే నెలలో ఇంటికి చేరేసరికి సీటు కింద డిక్కీ కాలిపోతుంటుంది. గంట చల్లారనిచ్చి, అప్పుడు ప్లగ్ పెడతాను. మామూలు రోజుల్లో 80 శాతం దగ్గర ఆపేసి, ఆదివారం మాత్రం నూరు దాకా ఎక్కిస్తాను. బడిలో వేపచెట్టు నీడ తప్ప ఇంకెక్కడా పెట్టను. బ్యాటరీ ఇంత బాగా నిలబడటానికి ఈ జాగ్రత్తలే కారణమని నా నమ్మకం. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే మరో రకం) బ్యాటరీ బండ్లకు పద్ధతి కొంచెం వేరు, వాటిని తరచూ నూరు దాకా ఎక్కించకపోతే మీటరులో శాతం తప్పు చూపిస్తుంది.

2023 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఛార్జర్ మీద ఎర్రలైటు వెలిగి ఆరుతూ ఉంది, ఛార్జింగ్ ఎక్కడం లేదు. ఛార్జర్ పోయిందనుకున్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్ట్ ల్యాంపు పెట్టి చూసి, “ఛార్జర్ బాగానే ఉంది మేడమ్, మీ ఎర్తే లేదు” అన్నాడు. పెరట్లో మల్లెపందిరి పక్కన ఎర్త్ గుంత ఉంది. మట్టి ఎండి పగుళ్లిచ్చింది. నాలుగు బకెట్ల నీళ్లు పోశాం. అరగంటకు పచ్చలైటు వచ్చింది. అప్పటి నుంచి ఉగాది మొదలు తొలకరి దాకా మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు ఆ గుంతలోనే.

ఇంకోటి, షోరూంలో ఎవరూ చెప్పనిది. ఈ బండ్లు చాలా వాటిలో పెద్ద బ్యాటరీ కాకుండా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. నిరుడు ఆగస్టులో కొణిజర్ల దగ్గర సన్నగా వాన పడుతుంటే ఆగాను, మళ్లీ ఆన్ చేస్తే డిస్‌ప్లే వెలగలేదు. పెద్ద బ్యాటరీలో 60 శాతం ఉంది. 1,400 రూపాయల చిన్న బ్యాటరీ చచ్చిపోయినందుకు బండిని ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. రెండేళ్లకోసారి అడక్కుండానే మార్పించేయండి.

బండి మీద నా అసలు కోపం సర్వీసు దగ్గరే. ఖమ్మంలో నాకు బండి అమ్మిన షోరూం రెండేళ్లు తిరక్కుండానే మూతపడింది. మోటారును నడిపించే కంట్రోలర్ పోతే పార్టు కోసం 19 రోజులు. అన్ని రోజులూ బస్సులో నిలబడి వెళ్లాను. ఊళ్లో మెకానిక్ దగ్గరకు వెళితే “దీన్ని ముట్టుకోను” అంటాడు, అతని తప్పేం లేదు, చూడటానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గరే ఉంటుంది. మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఎన్నేళ్లుగా ఉందో, అక్కడ ఆగిపోయిన బండ్లు ఎన్ని ఉన్నాయో కళ్లారా చూసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.

మా తమ్ముడు హైదరాబాద్‌లో మూడో అంతస్తులో అద్దెకు ఉంటాడు. కింద ప్లగ్ పాయింట్ పెట్టించడానికి ఓనర్ ఒప్పుకోలేదు. నా బండి చూసి ముచ్చటపడి తనకూ ఒకటి చూడమన్నాడు. ఇప్పటికి పెట్రోల్‌దే కొనుక్కోమని చెప్పాను. నేను మాత్రం దీన్ని అమ్మను. రేపు ఆదివారం వెనక టైరు మార్పించాలి, మూడోది.