కార్నెల్ గీతల నోట్‌బుక్: ఎవరికి ఎంత ఉపయోగం?

పేజీకి ఎడమవైపు రెండున్నర అంగుళాల సన్నని గడి, కుడివైపు ఆరు అంగుళాల వెడల్పాటి గడి, అడుగున రెండు అంగుళాల ఖాళీ స్థలం ఉండేలా ముందే గీతలు అచ్చువేసిన పుస్తకం ఇది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు వాల్టర్ పౌక్ 1950ల్లో రూపొందించిన ఈ పద్ధతిలో, పాఠం జరుగుతున్నంతసేపూ కుడి గడిలో రాసుకుని, అది ఇంకా గుర్తుండగానే ఎడమ గడిలో ప్రశ్నలను, అడుగున సారాంశాన్ని నింపుకోవాలి. కొంతకాలంగా వాడుతున్న నా అభిప్రాయం ఏమిటంటే, తిరిగి చదువుకోవడానికి ఇంత అనువైన పుస్తకం మరొకటి నాకు కనబడలేదు కానీ, క్లాసులో రాసుకునేటప్పుడు మాత్రం ఇది అందరికీ ఒకేలా ఉపకరించదు.

దీని అసలు బలం ఎడమ గడిలో ఉంది. "ద్రవాభిసరణలో నీరు ఎటు కదులుతుంది?" అని అక్కడ రాసుకుని, కుడివైపును అరచేత్తో మూసి, "గాఢత తక్కువున్న ద్రావణం నుంచి ఎక్కువున్న దానిలోకి" అని పైకి చెప్పుకుని, చెయ్యి తీసి సరిచూసుకోవచ్చు. రాసినదాన్ని ఊరికే మళ్లీ మళ్లీ చదవడం కన్నా ఇలా గుర్తు తెచ్చుకోవడం వల్లనే విషయం ఎక్కువకాలం నిలుస్తుంది.

చిక్కంతా కుడి గడి దగ్గరే వస్తుంది. అధ్యాపకులు సాధారణంగా నిమిషానికి నూటికి పైగా మాటలు చెబుతుంటే, చేత్తో రాసేవారికి అందులో నాలుగో వంతు అందుకోవడమే కష్టం కాబట్టి, ఏది రాయాలో ఏది వదలాలో ఎవరికి వారు అప్పటికప్పుడు తేల్చుకోవాలి. ఆ విషయంతో ముందే పరిచయం ఉన్నవారు ముఖ్యమైన మాటను ఇట్టే పట్టేస్తారు; కొత్తవారికి ప్రతి మాటా ముఖ్యమనే అనిపిస్తుంది. చేతివేగం తక్కువైనవారి శ్రద్ధ చాలావరకు అక్షరాల మీదే ఖర్చయిపోతుంది, ఈలోగా విన్న తర్వాతి వాక్యం జారిపోతుంది. రాత వేగానికీ నోట్సు నాణ్యతకూ సంబంధం ఉందని మనస్తత్వ శాస్త్రవేత్త స్టీఫెన్ పెవర్లీ పరిశోధనలు చూపించాయి. గీతలు ఎంత చక్కగా ఉన్నా ఈ లోటును పూడ్చలేవు. ఇలాంటి విద్యార్థులకు అధ్యాపకులు ముందుగానే ఇచ్చే పాఠం ముఖ్యాంశాల పట్టిక గానీ, పాఠం మధ్యలో ఇచ్చే చిన్న విరామం గానీ ఎక్కువ మేలు చేస్తుందని గట్టిగా నమ్ముతున్నాను.

తయారీ విషయానికొస్తే, ఎడమవైపు స్పైరల్ ఉన్న రకంలో ఎడమచేతివాటం వారి మణికట్టు తీగ మీద ఆనుతుంది. వారు పైన స్పైరల్ ఉన్నదాన్ని ఎంచుకోవడం మంచిది. చిన్న సైజులో కుడి గడి బాగా ఇరుకైపోయి, రసాయన నిర్మాణాలు, పెద్ద సమీకరణాలు గీత దాటిపోతాయి.

లాప్‌టాప్ కన్నా కలమే మేలని 2014లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనాన్ని చూసి దీన్ని కొనాలనుకునేవారు, తర్వాత దాన్ని తిరిగి చేసి చూసినప్పుడు అంత స్పష్టమైన తేడా కనిపించలేదని గమనించాలి. క్లాసు అయ్యాక ఎడమ గడి నింపే ఓపిక ఉన్నవారికి నాలుగున్నర స్టార్లు, లేనివారికి రెండే ఇస్తాను. ఎటూ తేల్చుకోలేనివారు ముందుగా మామూలు నోట్‌బుక్‌లో స్కేలుతో ఇవే గీతలు గీసుకుని, కొన్ని పాఠాలకు వాడి చూశాక కొనుక్కోవచ్చు.