ఏళ్లుగా వింటున్న ‘రింగో’

రింగో స్టార్ 1973లో తెచ్చిన ‘రింగో’ ఆల్బమ్‌ను నేను కొన్నది, అప్పటికే విడిపోయిన ఇంగ్లిష్ రాక్ బృందం బీటిల్స్ నలుగురూ (రింగో, జాన్ లెనన్, జార్జ్ హారిసన్, పాల్ మెకార్ట్నీ) అందులో ఉన్నారనే. ఇన్నేళ్లు విన్నాక నన్ను వదలనిది మాత్రం రింగో గొంతు.

ఆ గొంతు పెద్దగా పైకి ఎక్కదు. పాటలు ఇచ్చిన స్నేహితులకు ఆ సంగతి బాగా తెలుసు. కొలతలు తీసి కుట్టిన చొక్కాల్లా ఉంటాయి వాళ్ల పాటలు. జాన్ లెనన్ రాసిన ‘ఐయామ్ ది గ్రేటెస్ట్’ లెనన్ పాడితే పొగరుగా అనిపించేదేమో. రింగో నోట ముద్దొస్తుంది. పియానో లెననే, గిటార్ జార్జ్ హారిసన్, ఆర్గన్ బిల్లీ ప్రెస్టన్. అయినా ఒక్కరూ ముందుకు తోసుకురారు. బీటిల్స్‌లో డ్రమ్స్ వెనక కూర్చుని రింగో చేసిందీ అదే, పాటకు ఎంత కావాలో అంతే వాయించడం.

‘ఫొటోగ్రాఫ్’ సంగతి వేరే చెప్పాలి. రింగో, హారిసన్ కలిసి రాశారు. చాలాకాలం దాన్ని హుషారైన ప్రేమపాటగానే విన్నాను. హారిసన్ 2001లో పోయాడు. మరుసటి ఏడాది లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగిన సంస్మరణ కచేరీలో రింగో ఈ పాటే పాడాడు. ఆ వీడియో చూశాక ఆల్బమ్ పెడితే, మనిషి పోయి ఫొటో మిగిలిందనే ఆ మాటలు సూటిగా తగిలాయి. వెనక కలిసే హారిసన్ గొంతును అప్పటిదాకా నేను సరిగా పట్టించుకోనేలేదు. ఇప్పుడు ముందు దాన్నే వెతుక్కుంటాను.

ఇది బీటిల్స్ పునఃకలయిక అని ఒకప్పుడు అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత మాట అనను. పాల్ మెకార్ట్నీ ‘సిక్స్ ఓ క్లాక్’ లండన్‌లో విడిగా రికార్డయింది, నలుగురూ ఒకే పాటలో ఎక్కడా కలవరు. రికార్డు రెండో వైపు పాటలు మొదటి వైపంత బలంగా లేవు, ‘స్టెప్ లైట్లీ’ దగ్గర నాకు ఓపిక తగ్గుతుంది. ఇక అమెరికాలో నంబర్ వన్ అయిన ‘యూ ఆర్ సిక్స్‌టీన్’. 33 ఏళ్ల మనిషి పదహారేళ్ల పిల్ల గురించి పాడడం, ఇంట్లో ఆ వయసు కూతురు ఉన్న నాకు ఇబ్బందిగా ఉంటుంది, దాటేస్తాను.

బీటిల్స్ పాటలతో పెరిగినవాణ్ణి కాబట్టి నాకిది ఇంతగా పట్టిందేమో. ఆ పరిచయం లేనివాళ్లు ముందు ‘ఫొటోగ్రాఫ్’ ఒక్కటే వినండి. అది నచ్చకపోతే మిగతా ఆల్బమ్‌కు డబ్బు పెట్టక్కర్లేదు.