పిల్లల గుండె ఆపరేషన్: త్వరగా తేదీ దొరికే చోటా, పూర్తి ఉచితమైన చోటా?

ఏ ఆస్పత్రిలో క్యూ చిన్నదో వాకబు చేసేముందు ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో జబ్బు పేరు చూడండి. ఎన్నాళ్లు ఆగొచ్చో చెప్పేది అదే.

మన రెండు రాష్ట్రాల్లో దారులు ప్రధానంగా మూడు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద నెట్‌వర్క్ ఆస్పత్రులు. తిరుపతిలో 2021లో టీటీడీ ప్రారంభించిన పిల్లల గుండె ఆస్పత్రి శ్రీ పద్మావతి హృదయాలయం. ఇంకా దూరం వెళ్లగలిగితే ఛత్తీస్‌గఢ్‌లోని నవ రాయపూర్‌లో బిల్లు కౌంటరే లేని సత్యసాయి సంజీవని ఆస్పత్రి.

పుట్టిన బిడ్డ నీలంగా ఉండి, రిపోర్టులో టీజీఏ అని ఉంటే ఈ పోలికలన్నీ పక్కన పెట్టాలి. పెద్ద రక్తనాళాలు రెండూ తారుమారైన జబ్బు ఇది. మామూలుగా మొదటి రెండు మూడు వారాల్లోనే సరిచేయాలి. ఆలస్యమైతే ఎడమ జఠరిక (గుండె ఎడమ కింది గది) తక్కువ ఒత్తిడికి అలవాటుపడి బలహీనమవుతుంది, ఆ తర్వాత ఒళ్లంతటికీ రక్తం తోయలేదు. నవజాత శిశువులకు ఆపరేషన్ చేసే దగ్గరి ఆస్పత్రికి ముందు ఫోన్ చేసి, వెంటిలేటర్ బెడ్ ఖాయం చేసుకున్నాకే బయల్దేరాలి. ఆపరేషన్ దాకా బిడ్డను నిలబెట్టేందుకు ఎక్కించే ప్రాస్టాగ్లాండిన్ మందు నడుస్తుంటే దారిలో ఊపిరి ఆగిపోవచ్చు. ఊపిరి గొట్టం వేయగల సిబ్బంది ఉన్న అంబులెన్సే కావాలి.

పెద్ద వీఎస్డీ (గుండె కింది గదుల మధ్య గోడలో చిల్లు) దగ్గర లెక్క మారుతుంది. పాలు తాగుతూ చెమటలు పట్టే, బరువు పెరగని బిడ్డకు 3 నుంచి 6 నెలల మధ్య ఆపరేషన్ కావాలి. కొన్ని వారాలు ఆగొచ్చు, ఏళ్లు కాదు. ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడ్డాక చిల్లు మూసినా ప్రాణాపాయమే. "బరువు పెరిగాక రండి" అన్న మాట ఇక్కడ తిరకాసు, ఎందుకంటే బరువు పెరగనివ్వనిదే ఆ చిల్లు. ఇలాంటి బిడ్డకు తిరుపతి అయినా నెట్‌వర్క్ ఆస్పత్రి అయినా ముందు తేదీ ఇచ్చిన చోటే మేలు. కాకపోతే పథకంలో ప్యాకేజీ మొత్తం ముందే నిర్ణయమై ఉంటుంది. ఐసీయూలో రోజులు పెరిగితే ఏది కవర్ అవుతుంది, ఏది కాదు అన్నది చేరకముందే ఆస్పత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోవాలి.

ఏఎస్డీ (పై గదుల మధ్య గోడలో చిల్లు) ఉండి ఆడుతూ పాడుతూ తిరిగే మూడు నాలుగేళ్ల పిల్లకు తొందర లేదు. రాయపూర్ లాంటి చోట నెలల క్యూ అయినా నష్టం ఉండదు. చిల్లు అంచులు సరిపడా ఉంటే కోత లేకుండా, రక్తనాళం గుండా పంపే డివైస్‌తో మూయొచ్చు. ఆ క్యూ ఈ పని చేసే క్యాథ్ ల్యాబ్‌ది, ఆపరేషన్ థియేటర్‌ది కాదు.

క్యూ కదలకపోవడానికి కారణం సర్జన్ల కొరత ఒక్కటే అనుకోవడం సరికాదు. ఇరుకంతా తరచూ ఐసీయూలోనే. వెంటిలేటర్ మీదున్న బిడ్డకు ఒక నర్సు పూర్తిగా కావాలి. ఏఎస్డీ పిల్ల ఒకటి రెండు రోజుల్లో బెడ్ ఖాళీ చేస్తుంది, నవజాత శిశువుకు వారం రెండు వారాలు పట్టొచ్చు. అలాంటి ఇద్దరు శిశువులుంటే థియేటర్ ఖాళీగా ఉన్నా మీ తేదీ వాయిదా పడుతుంది. అందుకే "మొత్తం ఎన్ని ఆపరేషన్లు చేస్తారు?" అని కాకుండా "ఈ బరువు పిల్లలకు ఏడాదికి ఎన్ని చేస్తారు, పిల్లల గుండె ఐసీయూ వేరుగా ఉందా?" అని అడగండి.

మన వైపు నుంచి తేదీ పోయేది ఎక్కువగా జలుబు, దగ్గులతో. న్యుమోనియా వస్తే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు వాయిదా. పుచ్చుపళ్లు ఉంటే గుండెకు ఇన్ఫెక్షన్ పాకే ముప్పుంది, వాటి వైద్యం ముందే కానివ్వాలి.

లిస్టులో పేరు రాయించి ఊరుకోకూడదు. అక్కడ ముందొచ్చినవాళ్లకే ముందు అన్న పద్ధతి ఉండదు, జబ్బు తీవ్రతే వరస మారుస్తుంది. వారం వారం బరువు, తాగే పాలు, ఆక్సిజన్ శాతం రాసిపెట్టి, తగ్గితే వెంటనే ఫోన్ చేయండి. టెట్రాలజీ (నాలుగు లోపాలు కలిసి ఉండే గుండె జబ్బు) ఉన్న బిడ్డ ఏడుస్తూ ఒక్కసారిగా నీలంగా మారితే మోకాళ్లు ఛాతీకి ఆనించి పట్టుకుని, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఒక్కసారి అలా జరిగినా లిస్టువాళ్లకు తెలియాలి. ఈ పిల్లలకు ఐరన్ తక్కువైతే ఇలాంటివి పెరుగుతాయి, కాబట్టి రక్తపరీక్ష కూడా అడగండి.

రెండు చోట్ల పేరు రాయించడంలో తప్పు లేదు. ఒకచోట అయిపోగానే రెండో చోట తీయించేయండి.

దూరపు ఉచిత ఆస్పత్రికి ఒక ఖర్చు మిగులుతుంది. టెట్రాలజీ సరిచేసిన బిడ్డకు జీవితాంతం చెకప్‌లు ఉంటాయి, ఏటా అంత దూరం పోవడం చాలామందికి కుదరదు. డిశ్చార్జి సమ్మరీతో పాటు ఆపరేషన్ నోట్, చివరి ఎకో కాపీలు తెచ్చుకుంటే దగ్గర్లోని పిల్లల గుండె డాక్టరే ఆ చెకప్‌లు చూడగలరు.