క్యాంపింగ్ టికెట్ మీద ‘క్వైట్ జోన్’ అని ఉంటే డబ్బు కట్టే ముందు ఆగండి

పిల్లల్ని వెంటబెట్టుకుని మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్దామని ‘ఫ్యామిలీ క్యాంపింగ్’, ‘క్వైట్ జోన్’ లాంటి పేర్లతో అమ్మే ప్యాకేజీలు చూస్తున్నవాళ్లు ఇది పూర్తిగా చదవండి. మామూలు టికెట్ కంటే చాలా ఎక్కువ పెట్టి మేం ఆ ప్యాకేజీ కొన్నాం. ఆ అదనపు డబ్బుకి మాకు దక్కింది ఏమీ లేదు. నిర్వాహకుల పేరు రాయడం లేదు, బ్యాంకులో మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా ఇలాంటి మాటలతో అమ్మేవాళ్లు వాళ్లొక్కరే కాదు.

ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, వాటి మధ్యలో పీజీ. ఏళ్ల తరబడి పిల్లలు పడుకున్నాకే పుస్తకం తెరిచాను. చివరి పరీక్ష అయ్యాక నేను కోరుకున్నవి రెండే: సాయంత్రం ఇష్టమైన పాటలు నిలబడి వినడం, రాత్రి కంటినిండా నిద్రపోవడం. ఇలా అలసిపోయినవాళ్ల కోసమే ఈ ప్యాకేజీలు తయారు చేస్తారు. అమ్మే పేజీలో చెట్ల కింద వరుసగా టెంట్లు, గడ్డి మీద బొమ్మలతో ఆడుకునే పిల్లలు. పాటలు వినడానికి మామూలు టికెట్ చాలు. పైన కట్టే డబ్బంతా విశ్రాంతి కోసమే. టికెట్ షరతుల్లో ఆ విశ్రాంతి గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు. ప్రవేశం ఇస్తామని ఉంది, ‘కళాకారులు, సమయాలు, సౌకర్యాలు మారవచ్చు’ అని ఉంది. అంతే.

మాకిచ్చిన టెంట్ ఎక్కడుందంటే, ఒక పక్క జనరేటర్, ఇంకో పక్క సరుకుల లారీలు తిరిగే దారి. మెయిన్ స్టేజ్ అర్ధరాత్రికి ఆగింది. వెంటనే డీజే టెంట్ మొదలై తెల్లవారుజాము దాకా సాగింది. సన్నటి స్వరాలు దూరం వెళ్లేకొద్దీ గాలిలోనే పలచబడిపోతాయి, బేస్ (పాటలోని లోతైన, బరువైన శబ్దం) అలా కాదు, చాలా దూరం వస్తుంది. టెంట్ గుడ్డ దాన్ని ఆపలేదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే పై స్వరాలు బాగా తగ్గుతాయి, గుండెల మీద కొట్టే ఆ దడ మాత్రం పోదు. చిన్నది రాత్రంతా నా చేయి పట్టుకుని మేలుకునే ఉంది.

పొద్దున్నే సమాచార కౌంటర్‌కి వెళ్లి అడిగితే వాళ్లు చెప్పిన జవాబు ఇది: క్వైట్ జోన్ అంటే అక్కడ టెంట్లు వేసుకున్నవాళ్లు సొంత స్పీకర్లు పెట్టకూడదన్న నియమం మాత్రమే, స్టేజ్ శబ్దానికీ దానికీ సంబంధం లేదు. నిజమే, చాలా ఫెస్టివల్స్‌లో ఈ నియమం ఇలాగే ఉంటుంది. కానీ అమ్మేటప్పుడు ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు. నాకు బాగా కోపం వచ్చింది అక్కడే.

శబ్దం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పిల్లల చెవుల విషయం ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికల కోసం ఒక ప్రమాణం తెచ్చింది. సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదు, ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉండాలి, చెవులకు రక్షణ సామగ్రి అందుబాటులో ఉంచాలి, చెవులకు విశ్రాంతి దొరికే నిశ్శబ్ద ప్రదేశాలు ఉండాలి అని అందులో ఉంది. ఇది సిఫారసు, చట్టం కాదు. అయినా నిర్వాహకులకి మెయిల్ పెట్టి ‘మీరు దీన్ని పాటిస్తున్నారా’ అని అడగొచ్చు. జవాబు ఇవ్వని చోటికి పిల్లల్ని తీసుకెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని పరిశోధించే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు హద్దు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. అదీ పని చేసే పెద్దవాళ్ల కోసం వేసిన లెక్క. చిన్నపిల్లలకి చెవి మొత్తం కప్పే ఇయర్‌మఫ్స్ ఇంటి దగ్గరే కొని, కొన్ని రోజులు పెట్టి అలవాటు చేయండి. లోపల దొరుకుతాయన్నారు, మేం వెళ్లేసరికి అయిపోయాయి.

పిల్లల టికెట్ ఇంకో తలనొప్పి. పేజీలో ‘పిల్లలకు ఉచితం’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. గేటు దగ్గరికి వెళ్తే ఉచిత టికెట్ కూడా ముందే పేరు నమోదు చేసి తీసుకోవాలట, అవి అయిపోయాయట. ఎండలో నిలబెట్టి కొత్త టికెట్లు కొనిపించారు.

ఇక చేతికి కట్టే క్యాష్‌లెస్ బ్యాండ్. లోపల నగదు చెల్లదు, కార్డు చెల్లదు, ముందే బ్యాండ్‌లో డబ్బు వేసుకోవాలి. మిగిలింది వెనక్కి కావాలంటే ఫెస్టివల్ అయ్యాక ఇచ్చే చిన్న గడువులో దరఖాస్తు పెట్టాలి, దానికీ రుసుము కోస్తారు. గడువు దాటితే ఆ డబ్బు వాళ్లదే. 2017లో బహామాస్‌లో జరగాల్సిన ఫైర్ ఫెస్టివల్ గుర్తుందా? దానికీ టికెట్లు కొన్నవాళ్లని ముందుగానే బ్యాండ్‌లలో డబ్బు వేసుకోమన్నారు. విలాసవంతమైన విల్లాలని నమ్మి వెళ్లినవాళ్లకి కనిపించినవి విపత్తు సహాయానికి వాడే టెంట్లు, వానకి తడిసిన పరుపులు. దాని నిర్వాహకుడు బిల్లీ మెక్‌ఫార్లండ్‌కి 2018లో మోసం కేసులో 6 ఏళ్ల జైలు శిక్ష పడింది. మా నిర్వాహకులు అంతటి మోసగాళ్లని అనను. కానీ ఫెస్టివల్ మొదలవకముందే బ్యాండ్‌లో ఎక్కువ వేసుకోమని రోజూ మెసేజ్‌లు పంపుతుంటే ఆ పూటకి సరిపడా మాత్రమే వేయండి.

వాన సంగతీ అడిగి తీరాలి. 2015లో అమెరికాలోని జార్జియాలో జరిగిన టుమారోవరల్డ్ అనే మ్యూజిక్ ఫెస్టివల్‌లో వాన పడి దారులు బురదయ్యాయి. బస్సులు అందక వేలమంది మైళ్ల కొద్దీ నడిచారు, కొందరు ఆరుబయటే పడుకున్నారు. పసిపిల్లతో ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఊహించుకోండి. రద్దయితేనే రీఫండ్, వాన వల్ల ఒక రోజు పోతే లేదు అనే షరతు మా టికెట్‌లో కూడా ఉంది.

టికెట్లు అయిపోయాయని ఎవరి దగ్గరో చేతులు మారినవి కొనకండి. ఒక క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్‌ని ఎంతమందికైనా అమ్మొచ్చు, గేటు దగ్గర ముందు స్కాన్ అయినవాళ్లే లోపలికి వెళ్తారు. బ్రిటన్‌లో జరిగే గ్లాస్టన్‌బరీ ఫెస్టివల్ టికెట్ల మీద అవి ఎవరి పేరున ఉన్నాయో వాళ్ల ఫొటో ఉంటుంది, వేరేవాళ్లకి పనికిరావు. ఐర్లండ్‌లో 2021 చట్టం కిందకు వచ్చే కార్యక్రమాల టికెట్లను అసలు ధరకి మించి తిరిగి అమ్మడం నేరం. ఇలాంటి రక్షణ అన్ని చోట్లా లేదు.

కట్టేటప్పుడు కార్డుతో కట్టండి, నేరుగా ఖాతాకి పంపొద్దు. కార్డయితే సేవ అందలేదని బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని అడిగే దారి ఉంటుంది, దానికీ గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. మా విషయంలో నిర్వాహకులు బ్యాంకుకి ఇచ్చిన సమాధానం ‘టెంట్ ఇచ్చాం, ప్రవేశం ఇచ్చాం’ అని. మా తరఫున ఉన్న గట్టి ఆధారం కొన్న రోజు తీసుకున్న పేజీ స్క్రీన్‌షాట్. అందులో ‘స్టేజ్‌లకు దూరంగా ప్రశాంతమైన రాత్రులు’ అని స్పష్టంగా ఉంది. మేం ఫిర్యాదు చేశాక ఆ వాక్యం సైట్‌లో మాయమైంది. మీరు ఇప్పటికే కొనేసి ఉంటే ఈ రోజే ఆ పేజీ, మ్యాప్, షరతులు అన్నీ తేదీ కనిపించేలా సేవ్ చేసుకోండి. మీ టెంట్ స్టేజ్‌కి ఎన్ని మీటర్ల దూరంలో ఉంటుందో, ఎన్ని గంటలకి చివరి పాట ఆగుతుందో మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట బ్యాంకు దగ్గర నిలబడదు.