తిరుపతి నిరుద్యోగికి లింక్డ్‌ఇన్ ఎంతవరకు అక్కరకొస్తుంది?

తిరుపతిలో డిగ్రీ ముగించి ఉద్యోగం వెతుక్కునే పిల్లల్లో చాలామంది ఉద్యోగాలకూ వృత్తి పరిచయాలకూ వేదికైన లింక్డ్‌ఇన్‌లో చేరగానే ఉద్యోగ ప్రకటనలు తెరిచి, కనిపించిన ప్రతిదానికీ ‘ఈజీ అప్లై’ మీట నొక్కుతూ పోతారు. అంత సులువుగా దరఖాస్తు చేయగలిగిన చోట దేశం నలుమూలల నుంచీ దరఖాస్తులు వచ్చి పడతాయి కాబట్టి, అందులో మన బయోడేటా ఎవరి కంటా పడకపోవడంలో వింతేమీ లేదు. నెల తిరిగేసరికి వారు విసిగి యాప్ తీసేస్తారు. డిగ్రీ కళాశాలలో కామర్స్ పాఠాలు చెబుతూ, నా దగ్గర చదివినవారు ఈ సేవను ఎలా వాడుకున్నారో గమనిస్తూ వచ్చిన నాకు, ఇందులో చేరడం వల్ల కలిగే అసలు లాభం ప్రకటనల్లో కాక మనుషుల జాబితాలో ఉందని అనిపించింది.

2003 మే 5న అమెరికాలో మొదలైన లింక్డ్‌ఇన్‌ను 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి సభ్యుల సంఖ్య ప్రపంచమంతటా 100 కోట్లు, మన దేశంలో 10 కోట్లు దాటింది. పదహారేళ్ళు నిండినవారెవరైనా ఉచితంగా ఖాతా తెరవవచ్చు. ఇందులో పెళ్ళి ఫోటోలకూ పుట్టినరోజు కేకులకూ పెద్దగా చోటు లేదు. ఎక్కడ చదివారు, ఎక్కడ పనిచేశారు, ఏ పని చేతనవును అన్నవే ఇక్కడి పరిచయానికి ఆధారం.

1973లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, ఉద్యోగం మారినవారిని విచారించి, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో ఎక్కువమందికి కొత్త కొలువు సంగతి చెప్పినది రోజూ కలిసే ఆప్తులు కాదనీ, ఎప్పుడో ఒకసారి ఎదురుపడే పరిచయస్థులనీ తేల్చారు. మన వాళ్ళకు ఇది కొత్త కాదు: దగ్గరి చుట్టం చెప్పగల పెళ్ళి సంబంధం మనకు ముందే తెలిసి ఉంటుంది, తెలియని సంబంధం తెచ్చేది పక్క ఊరి పెళ్ళిళ్ళ పేరయ్యే. అయితే దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించి చూసినది లింక్డ్‌ఇనే. ‘మీకు తెలిసి ఉండవచ్చు’ అంటూ అది చూపే సూచనలను అయిదేళ్ళపాటు రెండు కోట్ల మందికి పైగా సభ్యుల విషయంలో రకరకాలుగా మార్చి చూసిన ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చాయి. మరీ దగ్గరివారూ కాక, మరీ ముక్కూమొహం తెలియనివారూ కాక, నడిమి తరగతి పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడ్డాయని ఆ అధ్యయనం తేల్చింది. సభ్యులకు విడిగా చెప్పకుండా చేసిన ప్రయోగమని దానిపై విమర్శ కూడా వచ్చింది, అది సబబైన విమర్శే.

తిరుపతి లాంటి ఊళ్ళో మన కుటుంబానికి తెలిసినవారంతా దాదాపు ఒకే వలయంలో ఉంటారు. ఆ వలయం దాటడానికి ఈ సేవలో ఒక చక్కని సాధనం ఉంది, దాని జోలికి వెళ్ళేవారే తక్కువ. మీరు చదివిన విశ్వవిద్యాలయం పేజీ తెరిస్తే అందులో పూర్వ విద్యార్థుల విభాగం కనిపిస్తుంది. 1954 నుంచి నడుస్తున్న శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఎన్ని తరాల విద్యార్థులుంటారో వేరే చెప్పనక్కరలేదు. ఆ విభాగంలో ఊరి పేరు చెన్నై అనో బెంగళూరు అనో ఎంచుకుని, సంస్థ పేరునో చేసే పనినో జోడిస్తే, మన బెంచీల మీదే కూర్చుని వెళ్ళినవారు ఈరోజు ఎక్కడ ఏం చేస్తున్నారో పేర్లతో సహా వరుసగా వస్తారు. మన జిల్లాలోని పారిశ్రామిక ప్రాంతమైన శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, మాండెలీజ్ వంటి సంస్థలున్నాయని మన పిల్లలందరికీ తెలుసు. వాటి లోపల మన కళాశాల వాళ్ళు ఎవరున్నారో మాత్రం ఇక్కడ వెతికితేనే తెలుస్తుంది.

మా విద్యార్థిని ఒకమ్మాయి అలా వెతికి, ఒక కర్మాగారంలో అకౌంట్స్ చూస్తున్న సీనియర్‌కు ఇలా రాసింది: “నమస్కారం మేడం. మీరు చదివిన కళాశాలలోనే ఈ ఏడాది బీకాం పూర్తి చేశాను. మీ విభాగంలోకి కొత్తవాళ్ళను తీసుకునేటప్పుడు ఏమేం చూస్తారో చెప్పగలరా?” ఉద్యోగం ఇప్పించమన్న మాట అందులో ఎక్కడా లేదు. రెండో రోజుకే జవాబు వచ్చింది: “టాలీ ఒక్కటీ వస్తే చాలదమ్మా, ఎక్సెల్‌లో పివట్ టేబుల్ బాగా నేర్చుకో. మాకు శ్రీకాళహస్తి దాకా కంపెనీ బస్సు వస్తుంది, దూరమని భయపడొద్దు.” (టాలీ లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్, పివట్ టేబుల్ ఎక్సెల్‌లో పెద్ద లెక్కలను క్రోడీకరించే పద్ధతి.) బస్సు సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు, ఆ అమ్మాయి ఇంట్లో వాళ్ళు ఒప్పుకోవడానికి మాత్రం అదే ముఖ్యమైంది. పరిచయం కోరుతూ పంపే చీటీలో కొద్ది అక్షరాలకే చోటుంటుంది, ఉచిత ఖాతాకు నెలకు అలాంటి చీటీలు కొన్ని మాత్రమే దొరుకుతాయి. కాబట్టి ఎవరికి రాయాలో ముందే తేల్చుకోవడం మంచిది.

పేరు కింద రాసుకునే ఒక్క వాక్యం విషయంలో మనవాళ్ళు చాలా అశ్రద్ధ చేస్తారు. ‘ఉద్యోగం కోసం చూస్తున్నాను’ అని రాసుకున్న వ్యక్తి ఎవరి వెతుకులాటలోనూ దొరకడు, ఎందుకంటే ఆ మాటలు పెట్టి వెతికే యజమాని ఉండడు. ‘బీకాం, జీఎస్టీ రిటర్నులు, టాలీ, తిరుపతి’ అని ఉంటే దొరుకుతాడు.

ఇప్పటికే చిన్న ఉద్యోగంలో ఉండి మెరుగైన దానికోసం చూసేవారు ఉద్యోగానికి సిద్ధంగా ఉన్నామని తెలిపే ‘ఓపెన్ టు వర్క్’ అమరికను జాగ్రత్తగా వాడుకోవాలి. ఫోటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ పెడితే అందరికీ కనిపిస్తుంది. నియామకాలు చూసేవారికి మాత్రమే చూపించే వీలు కూడా ఉంది. రెండో పద్ధతిలో మీ ప్రస్తుత సంస్థ వారికి తెలియకుండా చూస్తామని లింక్డ్‌ఇన్ అంటుంది గానీ పూర్తి హామీ ఇవ్వదు. ఒకరి విషయం ఇంకొకరికి సాయంత్రానికల్లా చేరిపోయే మన ఊరికి ఆ మాత్రం హెచ్చరిక అవసరమే.

లోపాల్లో మొదట చెప్పుకోవలసినవి నకిలీ ప్రకటనలు. రిజిస్ట్రేషన్ ఫీజు, శిక్షణ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్ అంటూ డబ్బు అడిగే ‘నియామక అధికారి’తో మాటలు అక్కడితో ఆపేయాలి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయవాణి 1930కి ఫోన్ చేయాలి. తిరుపతిలో దీనికి మరో రూపం ఉంది: టీటీడీలో కొలువు ఇప్పిస్తామనే దళారులు. దేవస్థానం ఉద్యోగాలు అధికారిక ప్రకటనల ద్వారానే భర్తీ అవుతాయని, దళారులను నమ్మవద్దని టీటీడీ పలుమార్లు చెప్పింది. ప్రొఫైల్ మీద ధ్రువీకరణ గుర్తు ఉంటే కొంత నమ్మకం కలుగుతుంది, అంతమాత్రాన ఆ వ్యక్తి ఇస్తానన్న ఉద్యోగం నిజమని కాదు.

రెండోది ముంగిట కనిపించే పోస్టుల రొద. అంతా పొగడ్తలూ, ఆత్మస్తుతులూ, కన్నీటి విజయగాథలూ. మన నైపుణ్యాలను ముఖపరిచయం లేనివారు సైతం ఒక్క నొక్కుతో బలపరచే ఎండార్స్‌మెంట్లకు నేను విలువ ఇవ్వను. మీ పని కళ్ళారా చూసిన పై అధికారి రాసే నాలుగు వాక్యాల రికమెండేషన్‌కు తప్పక విలువ ఉంటుంది. తెలుగులో మెనూలు ఉన్నా ప్రకటనలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక భాష భయం పూర్తిగా తీరదు.

అందరికీ ఇది పనికొస్తుందని నేను అనను. యాత్రికుల లాడ్జీల్లో, బట్టల కొట్లలో, ట్రావెల్స్‌లో పని వెతికేవారికి గాంధీ రోడ్డులో నలుగురిని అడగడమో వాట్సాప్ గ్రూపో ఇంతకంటే త్వరగా దారి చూపుతాయి. పైన చెప్పిన అధ్యయనంలో కూడా డిజిటల్ వాడకం తక్కువగా ఉన్న రంగాల్లో దగ్గరి పరిచయాలే ఎక్కువ మేలు చేశాయి. అకౌంట్స్, సాఫ్ట్‌వేర్, మానవ వనరులు, కర్మాగారాల్లో నాణ్యతా పరీక్ష, పరిశోధన వంటి వాటి వైపు చూసేవారు మాత్రం ఆఖరి సంవత్సరం పరీక్షలకు ముందే చేరడం మేలు.

డబ్బు కట్టే ప్రీమియం కొత్తవారికి అక్కరలేదు. ఒక నెల ఉచితమని ఆశపెట్టి కార్డు వివరాలు తీసుకుంటారు. గడువులోగా రద్దు చేసుకోకపోతే రుసుము కార్డు నుంచి దానంతటదే పోతుంది. అలాగే చేరేటప్పుడు ఫోన్‌లోని నంబర్లన్నీ ఇమ్మని యాప్ అడుగుతుంది. ఇస్తే మీ పాలవాడి నుంచి ఇంటి ఓనరు దాకా అందరి నంబర్లూ వారిని అడగకుండానే అక్కడికి చేరతాయి, కనుక అక్కడ ‘వద్దు’ నొక్కి ముందుకు వెళ్ళండి.