ట్రోపో ఆవరణం, స్ట్రాటో ఆవరణం: కింది పొరకీ పై పొరకీ తేడా

ఆర్కే బీచ్‌లో చెమటలు కక్కి, మర్నాడు అరకులో స్వెట్టర్ వెతుక్కున్నవాళ్లకి ట్రోపో ఆవరణం, అంటే నేలను ఆనుకుని ఉండే గాలి పొర గురించి వేరే చెప్పక్కర్లేదు. కిలోమీటరు పైకి వెళ్తే సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అరకు దాదాపు అంత ఎత్తులోనే ఉంది. మేఘాలు, వానలు, 2014 అక్టోబరు 12న విశాఖను ఊడ్చేసిన హుద్‌హుద్ తుఫాను, అన్నీ ఈ పొరలోవే. నాకైతే ఇదే ఆసక్తికరం.

దానిపైన 50 కిలోమీటర్ల దాకా స్ట్రాటో ఆవరణం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది: పైకి వెళ్లేకొద్దీ వేడి. ఓజోన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకోవడమే కారణం. వేడిగాలి పైన, చల్లగాలి కింద ఉండటంతో గాలి పెద్దగా కలవదు, వాన ఊసే ఉండదు. అన్నట్టు, ఆ ఓజోన్‌కి ముడిసరుకైన ఆక్సిజన్‌ను మొదట గాలిలోకి వదిలింది నీళ్లలో బతికిన సూక్ష్మజీవులే.